గోధుమ లేని వంటిల్లు, మైదా జిగురు లేని బొమ్మలు: బెంగళూరులో ఏడాది పొడుగునా

మా చిన్నమ్మాయికి ఐదేళ్ళప్పుడు సీలియాక్ అనే జబ్బు ఉందని తేలింది. అంతకుముందు ఏడాదంతా కడుపు ఉబ్బరం, ఒంటికి తిండి పట్టకపోవడం, ఎన్ని టానిక్కులు పోసినా రక్తం పెరగకపోవడం. డాక్టరుగారు "ఇక గోధుమ వద్దమ్మా, ఎప్పటికీ వద్దు" అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది రోజూ పొద్దున స్కూలు డబ్బాలో పెట్టే చపాతీలే. ఆ సాయంత్రం హనుమంతనగర్‌లో ఇంటికొచ్చి, వంటింట్లో డబ్బాలన్నీ కిందికి దించాను. బియ్యం, రాగులు, జొన్నలు, కొర్రలు, పప్పులు, శనక్కాయలు, నువ్వులు, అటుకులు, సగ్గుబియ్యం ఒక పక్క పెట్టాను. గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కెట్లు ఇంకో పక్క. చూస్తే మొదటి వరసే పెద్దది. హిందూపురంలో మా అవ్వ చేసే వంటలు దాదాపు అన్నీ ఆ వరసలోవే. కాస్త ధైర్యం వచ్చింది.

కానీ గోధుమ మానేసి నాలుగు నెలలైనా పిల్ల పూర్తిగా కోలుకోలేదు. ఇంగువ, పిండిమిల్లు, జల్లెడ, చివరికి బొమ్మలు అతికించే జిగురు, వీటిలో దేన్నీ నేను అనుమానించలేదు. ఏం వండాలో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. గోధుమ ఎక్కడెక్కడి నుంచి వచ్చి అంటుకుంటుందో కనిపెట్టడమే అసలు పని. కొత్తగా ఈ దారిలోకి వచ్చే అమ్మానాన్నలకు ఆ నాలుగు నెలలు వృథా కాకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు పరీక్ష, తర్వాతే మానడం

గ్లూటెన్ అంటే గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీను. చపాతీ పిండి సాగేది దానివల్లే. సీలియాక్ ఉన్నవాళ్ళు దాన్ని తింటే శరీరం తన చిన్నపేగు లోపలి పొర మీద తానే దాడి చేస్తుంది. అక్కడ తిండిలోని సారాన్ని పీల్చుకునే సన్నటి వేళ్ళలాంటి భాగాలు అరిగిపోతాయి. అందుకే ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

అనుమానం రాగానే చాలామంది గోధుమ మానేసి, నెల తర్వాత పరీక్షకు వెళ్తారు. అలా చేయకండి. టీటీజీ అనే రక్తపరీక్ష గానీ, ఎండోస్కోపీలో తీసే చిన్నపేగు ముక్క పరీక్ష గానీ గోధుమ తింటున్న రోజుల్లో చేస్తేనే సరైన ఫలితం వస్తుంది. ముందే మానేస్తే జబ్బు ఉండి కూడా లేదని రావచ్చు. ఒకరికి ఉందని తేలితే అమ్మానాన్నలు, తోబుట్టువులు కూడా పరీక్ష చేయించుకోవాలి, రక్తసంబంధీకుల్లో ఇది ఉండే అవకాశం ఎక్కువ. మేం నలుగురం చేయించుకున్నాం. గోధుమ ఎలర్జీ వేరు, ఇది వేరు. మీది ఏదో డాక్టరుగారితోనే తేల్చుకోండి.

వంటిల్లు సర్దడం

ఒక ఆదివారం పూర్తిగా దీనికే కేటాయించండి. స్టీలు, గాజు గిన్నెలు సబ్బుతో బాగా తోమితే చాలు. సందుల్లో, గరుకుల్లో పిండి దాచుకునే వస్తువులు మాత్రం మార్చాలి: చపాతీ పీట, కర్ర, చెక్క గరిటెలు, పిండి జల్లెడ, బ్రెడ్ టోస్టరు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, గోధుమ రవ్వ ఆడిన మిక్సీ జారు. జల్లెడ సంగతి ప్రత్యేకంగా చెప్తున్నాను. ఎంత కడిగినా ఆ తీగల మధ్య పిండి మిగిలే ఉంటుంది. కొత్తది కొనడానికి వెనకాడకండి. ఇనుప పెనం కూడా నేను కొత్తదే తీసుకున్నాను.

ఇంట్లో మిగతావాళ్ళు గోధుమ తింటారా లేదా అన్నది మీ ఇష్టం. మా ఇంట్లోకి పొడి గోధుమపిండి రావడం మానేశాం. పిండి కలిపేటప్పుడు గాల్లోకి లేచి పక్క గిన్నెల్లో పడుతుంది. మా ఆయన చపాతీ తినాలనుకుంటే ఆఫీసు క్యాంటీన్‌లో తింటారు. మీ ఇంట్లో రెండూ ఉండక తప్పదంటే పిల్లల సరుకులు పై అరలో, గోధుమవి కింది అరలో పెట్టండి. కింద నుంచి పైకి రాలదు కదా. పిల్లకు వండింది ముందు దించి మూత పెట్టాకే చపాతీ పిండి డబ్బా తీయండి. వెన్న, జామ్, పచ్చళ్ళు పిల్లకు వేరే సీసాల్లో పెట్టండి, బ్రెడ్డు మీద రాసిన స్పూనే మళ్ళీ సీసాలోకి వెళ్తుంది. పూరీలు వేయించిన నూనెలో పిల్లకు అప్పడం వేయించకండి.

సరుకులు: ఇంగువ డబ్బా వెనక ఏముందో చూడండి

మా ఇంట్లో నాలుగు నెలలు దొరకని దొంగ ఇంగువే. రోజూ చారులో, పప్పులో, చట్నీ తాలింపులో వేస్తూనే ఉన్నాను. ఒకరోజు చారు పొంగుతుంటే మంట తగ్గించి, చేతిలో ఉన్న డబ్బాను ఊరికే తిప్పి చూశాను. వెనక ఆవగింజంత అక్షరాల్లో మొదటి మాట బంక, రెండో మాట గోధుమపిండి. ఇంగువ మూడోది. మనం కొనే ఇంగువ చాలావరకు కలిపిన ఇంగువే. అసలు ఇంగువ ఘాటు మరీ ఎక్కువ కాబట్టి పిండి, బంక కలిపి అమ్ముతారు. ముద్ద ఇంగువలోనూ మైదా ఉండొచ్చు. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, డబ్బా చదివి అదే తీసుకోండి. దొరక్కపోతే వెల్లుల్లి తాలింపుతో సరిపెట్టండి.

మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నిబంధన ప్రకారం "గ్లూటెన్ ఫ్రీ" అని రాయాలంటే కిలోలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదు. ప్యాకెట్టు మీద ఎలర్జీ కలిగించే పదార్థాల వరసలో గోధుమ, బార్లీ పేర్లు రాయాలని కూడా నిబంధన ఉంది. కాబట్టి ప్యాకెట్టు సరుకు విషయంలో మీకు దారి ఉంది, చదవాలి అంతే. సోయా సాస్‌లో మామూలుగా గోధుమ ఉంటుంది. మాల్ట్ అన్న మాట కనిపిస్తే ఆగండి, అది బార్లీ నుంచి వచ్చేది, పిల్లలు పాలల్లో కలుపుకునే పొడుల్లో ఎక్కువ. రాగి మాల్ట్ పేరుతో అమ్మేవి కొన్ని ఉత్త మొలకరాగులు, కొన్నిటిలో గోధుమ కూడా కలుస్తుంది. ఎండాకాలం చలవ చేస్తుందని ఇచ్చే బార్లీ నీళ్ళు కూడా వద్దు, వాటి బదులు సగ్గుబియ్యం జావ, రాగి అంబలి ఇవ్వండి. ఓట్స్ గోధుమతో కలిసిపోయే అవకాశం ఎక్కువ. డాక్టరుగారిని అడగకుండా మొదలుపెట్టకండి.

విడి సరుకుల్లో ఈ దారి లేదు. కొట్లో గోధుమ సంచిలో ముంచిన కొలపాత్రే జొన్నల సంచిలోనూ మునుగుతుంది. పిండిమిల్లులో మన రాగులకు ముందు ఎవరివో గోధుమలు పడి ఉంటాయి, ఆ రాళ్ళ మధ్య మిగిలిందంతా మన పిండిలోకే దిగుతుంది. అందుకే నేను గింజలే కొంటాను. పళ్ళెంలో పోసి ఏరతాను. కందిపప్పు, మసూర్ పప్పులో కూడా ఒకటీ అరా గోధుమ గింజ నా చేతికి తగిలింది. ఏరాక మూడు నీళ్ళలో కడిగి, పాత పంచె మీద ఆరబోసి, మిక్సీలో ఆడి కొత్త జల్లెడతో జల్లిస్తాను. జూన్ నుంచి అక్టోబరు దాకా బెంగళూరు ఎండను నమ్మలేం. ఆ రోజుల్లో ఫ్యాను కింద రెండు రోజులు ఉంచి, తర్వాత మూకుడులో పచ్చి పోయేదాకా వెచ్చబెట్టండి. వారానికి కిలో పిండి చాలు, ఎక్కువ ఆడి పెట్టుకోకండి. ఎందుకో రొట్టె దగ్గర చెప్తాను.

జొన్న రొట్టె

గ్లూటెన్ లేని పిండికి సాగే గుణం ఉండదు. కాబట్టి జిగురు మనమే తెప్పించాలి, దానికి అసలు దారి మరిగే నీళ్ళు. వేడికి పిండిలోని గంజి ఉబ్బి అంటుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళతో కలిపి "రొట్టె రావడం లేదు" అని వదిలేసినవాళ్ళను చాలామందిని చూశాను.

ఒక కప్పు జొన్నపిండికి ముప్పావు కప్పు నుంచి కప్పు నీళ్ళు. నీళ్ళలో ఉప్పు వేసి తెర్లనివ్వండి. మంట కట్టేసి, పిండి ఒక్కసారే పోసి, గరిటె కాడతో కలిపి మూత పెట్టండి. అయిదు నిమిషాల తర్వాత పళ్ళెంలోకి తీసి, అరచేతి మడమతో తోస్తూ పిసకండి. చెయ్యి కాలుతుంటే చన్నీళ్ళలో ముంచుకోండి. కనీసం నాలుగు నిమిషాలు పిసకాలి. మొదట ఇసకలా విడిపోతుంది, రెండో నిమిషానికి దగ్గరపడుతుంది, నాలుగో నిమిషానికి ముద్దను వేలితో నొక్కితే అంచు పగలకుండా లోపలికి దిగుతుంది. అదీ గుర్తు. ఎంత పిసికినా అంచు పగులుతూనే ఉంటే తప్పు మీది కాదు, పిండి పాతది. జొన్నపిండి ఆడిన వారం పది రోజుల్లో వాడేయాలని అందుకే అన్నాను.

నిమ్మకాయకంటే కాస్త పెద్ద ఉండ తీసుకుని, పీట మీద పొడిపిండి చల్లి, ఒక చేత్తో అంచు ఆపుతూ ఇంకో అరచేత్తో తడుతూ తిప్పండి. చేయి తిరిగేదాకా రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య తట్టినా పర్వాలేదు. బాగా కాలిన పెనం మీద పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేలా వేసి, తడిగుడ్డతో ఆ పైభాగమంతా తుడవండి. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పేయాలి. పూర్తిగా ఆరిపోతే రొట్టె గట్టిపడుతుంది. రెండో వైపు కాలాక మళ్ళీ తిప్పి, గుడ్డతో అంచులు అద్దితే పొంగుతుంది. మొదటి పది రొట్టెలూ పొంగవు. పదకొండోది పొంగినప్పుడు మా పిల్ల చప్పట్లు కొట్టింది.

చలికాలం అనపకాయల రొట్టె

డిసెంబరు, జనవరుల్లో బెంగళూరు బజార్లన్నీ అనపకాయల వాసనే. సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయలు, ఇక్కడ అవరేకాయ అంటారు, వాటికోసం మేళా కూడా పెడతారు. గింజలను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున వేళ్ళ మధ్య పితికితే తొక్క నుంచి పప్పు టప్పున బయటికి దూకుతుంది. అదే మన పితికిపప్పు. ఈ పని పిల్లలకు అప్పచెప్పండి, అడక్కుండానే పోటీలు పెట్టుకుంటారు.

రొట్టెకు పితకకుండా ఉడికించిన గింజలే బాగుంటాయి. రెండు కప్పుల మెత్తటి బియ్యప్పిండిలో ఒక కప్పు ఉడికిన గింజలు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, గుప్పెడు సబ్బసిగె (సోయికూర) ఆకు, అరకప్పు కొబ్బరికోరు, నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచా జీలకర్ర, ఉప్పు వేసి, గింజలు ఉడికిన వేడినీళ్ళే కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా కలపండి. చల్లటి పెనానికి నూనె రాసి, దాని మీదే తడిచేత్తో పల్చగా తట్టి, మధ్యలో నాలుగైదు చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేయండి. మూతపెట్టి మధ్యస్థం మంట మీద నాలుగైదు నిమిషాలు, తిప్పి ఇంకో రెండు నిమిషాలు. తర్వాత రొట్టె తట్టాలంటే పెనం చల్లారాలి కదా. మా పక్కింటి అక్క పెనాన్ని బోర్లించి వెనక వైపు నీళ్ళు పోస్తుంది. నేను రెండు పెనాలు మార్చి మార్చి వాడతాను. అరిటాకు మీద తట్టి, ఆకుతోసహా వేడి పెనం మీద వేసి, ఆకు వాడగానే తీసేసే పద్ధతి ఇంకా తేలిక.

టిఫిన్లు, స్కూలు డబ్బా, పుట్టినరోజు

ఇడ్లీ, దోసె, పెసరట్టు, అటుకులు, పొంగలి, చిత్రాన్నం మీకు చెప్పక్కర్లేదు. రాగి సంగటి కూడా అంతే, 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది కాబట్టి వారానికి రెండుసార్లైనా పెట్టండి, పేగు దెబ్బతిన్న పిల్లలకు ఎముకబలం ముఖ్యం. రవ్వ ఉప్మా బదులు బియ్యపు రవ్వతో ఉప్పుడుపిండి చేయండి: కప్పు రవ్వ, గుప్పెడు పెసరపప్పు, రెండు కప్పుల పైన కాసిని నీళ్ళు. కేసరి కావాలంటే అటుకులు దోరగా వేయించి రవ్వలా ఆడి అదే పద్ధతిలో చేయండి. తేడా కనిపెట్టడం కష్టం.

డబ్బాలో మధ్యాహ్నానికి మెత్తగా ఉండే చపాతీ కోసం చాలా తిప్పలు పడ్డాను. దారి మందుల షాపులో దొరికింది, ఇసబ్గోల్ పొట్టు. కప్పు జొన్నపిండిలో రెండు చెంచాల ఇసబ్గోల్ కలిపి, మరిగే నీళ్ళు కప్పు పోసి, పది నిమిషాలు మూతపెట్టి, చెంచా నూనెతో పిసకండి. ఇది కర్రతో ఒత్తినా విరగదు, చుట్టి పెట్టినా పగలదు.

పుట్టినరోజు కేకుకు: కప్పు రాగిపిండి, అరకప్పు బియ్యప్పిండి, చెంచా బేకింగ్ పౌడరు, అరచెంచా వంటసోడా కలిపి జల్లించండి. బాగా మగ్గిన రెండు అరటిపండ్లు మెదిపి, ముప్పావు కప్పు బెల్లంపొడి, అరకప్పు పెరుగు, అరకప్పు నూనె, రెండు గుడ్లు గిలకొట్టి పిండిలో కలపండి. కలపగానే ఓవెన్‌లో పెట్టకండి, ఇరవై నిమిషాలు నాననివ్వండి. రాగిపిండి తడి పీల్చుకోకపోతే కేకు తింటుంటే ఇసక తగులుతుంది. 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. పూర్తిగా చల్లారాకే కోయండి, వేడిమీద పొడిపొడి అవుతుంది.

జిగురు, ఆటపిండి: ఇక్కడా గోధుమే

దసరా ముందు స్కూల్లో కాగితపు బొమ్మలు చేయించారు. ఇంటికొచ్చిన పిల్ల గోళ్ళ నిండా తెల్లటి జిగురు. ఏమిటని అడిగితే "మైదా పేస్టమ్మా" అంది. ఆ రాత్రి మళ్ళీ కడుపునొప్పి. గ్లూటెన్ చర్మం గుండా లోపలికి పోదు, ముట్టుకున్నందుకు భయం లేదు. కానీ పిల్లలు వేళ్ళు నోట్లో పెట్టుకుంటారు, ఆ చేత్తోనే బిస్కెట్టు తింటారు. బజారులో దొరికే రంగురంగుల ఆటపిండిలోనూ గోధుమపిండి ఉండొచ్చు. టీచరుగారితో మాట్లాడితే అర్థం చేసుకున్నారు. మరుసటి వారం ఒక సీసా జిగురు నేనే చేసి పంపాను.

సగ్గుబియ్యం జిగురు: సేలం వైపు కర్రపెండలం నుంచి చేసే సగ్గుబియ్యం ఉత్త గంజి, మంచి బంక. పావుకప్పు సగ్గుబియ్యం గంటసేపు నానబెట్టి, కప్పున్నర నీళ్ళలో గింజ కనిపించకుండా కరిగేదాకా కలుపుతూ ఉడికించండి. వడకట్టి, చిటికెడు పటిక పొడి కలిపి సీసాలో పోస్తే ఫ్రిజ్‌లో అయిదారు రోజులు ఉంటుంది. అంత ఓపిక లేకపోతే అన్నం మెతుకులు మెదపండి. చిన్నప్పుడు గాలిపటాలు అతికించింది వాటితోనే కదా.

ఆటపిండి: కప్పు బియ్యప్పిండి, అరకప్పు కార్న్‌ఫ్లోర్, అరకప్పు ఉప్పు, చెంచా ఇసబ్గోల్, కప్పు నీళ్ళు, పెద్ద చెంచా నూనె. అన్నీ కలిపి సన్నమంట మీద ముద్దయ్యేదాకా తిప్పి, చల్లార్చి పిసకండి. పసుపు, బీట్‌రూట్ రసం, పాలకూర రసంతో మూడు రంగులు. గట్టి మూత డబ్బాలో వారం ఉంటుంది.

రుతువును బట్టి చేతిపనులు

సంక్రాంతికి ఈ ఊళ్ళో ఎళ్ళు బెల్ల పంచుకుంటారు. "ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి" అంటూ చేతిలో పెడతారు, నువ్వులు బెల్లం తిని మంచి మాటలాడండి అని. మా పిల్ల ఇంటింటికీ తిరిగి భయం లేకుండా పంచగలిగే, తినగలిగే పండగ కాబట్టి నాకు దీనిమీద ప్రేమ ఎక్కువ. ఎండుకొబ్బరి పైన నల్లచెక్కు గీకి, పప్పుబద్దంత ముక్కలు తరగండి. గట్టి అచ్చుబెల్లం కూడా అంతే ముక్కలు చేసి, రెండూ విడివిడిగా రెండు రోజులు ఎండబెట్టండి. వేయించి పొట్టుతీసిన శనక్కాయ బద్దలు, పుట్నాలు, కొబ్బరి ఒక్కో కప్పు, బెల్లం ముప్పావు, దోరగా వేయించిన తెల్లనువ్వులు అరకప్పు. పాత పెళ్ళికార్డుల లోపలి రంగుకాగితం జానెడు చదరంగా కత్తిరించి, పొట్లం చుట్టి, సగ్గుబియ్యం జిగురుతో అంచు అతికించండి. పిల్లలు ఒక సాయంత్రంలో ముప్పై పొట్లాలు చేస్తారు.

ఉగాదికి ముందు నుంచే రోడ్ల మీద పూలు రాలడం మొదలవుతుంది. గులాబీరంగు టబెబూయా, తర్వాత ఊదారంగు జకరాండా, ఎండలు ముదిరాక ఎర్ర తురాయి. పొద్దున్నే ఫుట్‌పాత్ మీద రాలినవి తడిలేనివి ఏరుకోండి. పాత న్యూస్‌పేపర్ల మధ్య పరిచి పైన బరువైన పుస్తకాలు పెట్టి, మూడోరోజు కాగితం మార్చి, మొత్తం పది పన్నెండు రోజులు ఉంచండి. తురాయి పువ్వులో అయిదు రేకల్లో ఒకటి తెల్లటి మచ్చలతో వేరుగా ఉంటుంది, దాన్ని మధ్యలో పెట్టి కార్డు చేస్తే చాలా అందంగా వస్తుంది. ఇక ఉగాది రోజు బొబ్బట్లకు బదులు పూర్ణం బూరెలు చేయండి. పైపూత మినపప్పు ఒకటికి బియ్యం రెండు వంతులు, గోధుమతో పనేలేదు.

వినాయకచవితికి మట్టి బొమ్మే చేయండి, అందులో దేనికీ భయపడక్కర్లేదు.

దసరాకు మేం బొమ్మలకొలువు పెడతాం. మెట్ల మీద పెట్టే బుట్టలు, పళ్ళేలు కాగితం గుజ్జుతో మేమే చేస్తాం. ఇది మా అవ్వ పని, దీనికి మైదా అసలు అక్కర్లేదు, మెంతులే జిగురు. పాత చేటలకు మెంతిపిండి పూసి గట్టిచేయడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇదీ అదే.

మొదటి రోజు పావుకిలో పాత న్యూస్‌పేపర్లు చించి బకెట్టు నీళ్ళలో నానేయండి. రెండురోజులు నానాలి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చండి. రెండోరోజు రాత్రి 100 గ్రాముల మెంతులు విడిగా నానబెట్టండి. మూడోరోజు కాగితాన్ని గట్టిగా పిండి, రోట్లో దంచండి, లేదా వంటకు వాడని పాత మిక్సీ జారులో కొద్దికొద్దిగా తిప్పండి. మెంతులు రుబ్బితే జిగటగా తేలుతుంది, అది కలిపి చపాతీముద్దలా పిసకండి. స్టీలు గిన్నె బోర్లించి, నూనె రాసి, దాని మీద చిటికెనవేలి గోరంత మందంలో పరవండి. తడిచేత్తో నున్నగా నిమరండి, ఎక్కడా వేలిగుంట లేకుండా. ఒకరోజు ఎండాక అంచు గిన్నెను వదులుతుంది. అప్పుడు మెల్లగా తిప్పుతూ తీసి, లోపలివైపు ఎండబెట్టండి. తొందరపడి తడిమీద లాగితే అడుగు చీలుతుంది. చీలితే ఇంకాస్త గుజ్జు పెట్టి నిమిరేయండి, ఏమీ కాదు. అక్టోబరు ముసురులో ఎండటానికి అయిదారు రోజులు పట్టొచ్చు. తట్టి చూస్తే డప్పు మోగినట్టు మోగాలి. తర్వాత ఎర్రమన్ను పూసి, బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పుల్లతో ముగ్గు వేయండి. న్యూస్‌పేపరు సిరా ఉంటుంది కాబట్టి తినేవి నేరుగా వేయకుండా లోపల ఆకు పరవండి.

కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడి దొడ్డ గణపతి గుడి దగ్గర కడలెకాయ పరిషె, అంటే శనక్కాయల జాతర జరుగుతుంది. రోడ్డుకు రెండువైపులా శనక్కాయల రాశులే. కిలో పచ్చికాయలు కొని, గుప్పెడు ఉప్పు వేసి కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిస్తే పిల్లలకు వారం చిరుతిండి. కార్తీకదీపానికి పిండి దీపాలు కొందరు గోధుమపిండితో చేస్తారు. దీపం కొండెక్కాక అది ప్రసాదం కదా, పిల్ల కూడా తినాలి. నానబెట్టిన బియ్యం తడిపిండి, బెల్లం కలిపి ముద్దచేసి, బొటనవేలితో గుంట నొక్కి, ఆవునెయ్యి పోసి వెలిగించండి.

బయటికి వెళ్ళినప్పుడు

దర్శిని అనే ఇక్కడి టిఫిన్ హోటళ్ళలో ఇచ్చే చౌచౌ బాత్‌లో ఖారాబాత్ (ఉప్మా), కేసరిబాత్ రెండూ రవ్వే. రవ్వ ఇడ్లీ పుట్టింది ఈ ఊళ్ళోనే, రెండో ప్రపంచ యుద్ధం నాటి బియ్యం కొరతలో ఎం.టి.ఆర్. హోటలు వాళ్ళు రవ్వతో ఇడ్లీ చేశారని చెబుతారు. పిల్లకు అదీ వద్దు. మామూలు ఇడ్లీ, కొబ్బరి చట్నీ అడగండి, సాంబారు మానండి, దాంట్లో ఏ ఇంగువ పడిందో మనకు తెలీదు. దోసె పిండిలో కరకరలాడ్డానికి మైదా గానీ రవ్వ గానీ కలిపారేమో, అదే పెనం మీద రవ్వదోసె కూడా వేస్తారేమో అడగండి. మొహమాటపడకండి. నేను మొదట్లో మొహమాటపడ్డాను, దాని ఫలితం రాత్రంతా పిల్ల అనుభవించింది.

బంధువుల ఇళ్ళకు వెళ్ళేముందు ఫోన్ చేసి "పిల్లకు అన్నం, పెరుగు, ఉడికించిన కూరగాయలు చాలు పిన్నీ, తాలింపు వద్దు" అని చెప్పేస్తాను. ఎక్కువ చెబితే వాళ్ళకు టెన్షన్, తక్కువ చెబితే మనకు. రొట్టెలు, పొడి, చిన్న సీసాలో మా ఇంగువ నా సంచిలో ఉంటాయి.

హిందూపురంలో మా అమ్మకు మొదట్లో ఇదంతా కొరుకుడు పడలేదు. "చిటికెడు ఇంగువకు ఏమవుతుందే" అనేది. పోయిన సంక్రాంతికి మేం బయల్దేరే ముందురోజు ఆమె నుంచి ఒక ఫోటో వచ్చింది. కొత్త ఇంగువ డబ్బా వెనక వైపు, అక్షరాలు మసగ్గా. వెంటనే ఫోన్. "కళ్ళజోడు పెట్టుకున్నా కనబడి చావట్లేదు. బియ్యప్పిండేనా, కాదా, చదివి చెప్పు. అంగడాయన ఇంకా మూసేయలేదు, కాదంటే మార్చేసుకొస్తా."